బొమ్మ అంచున మిగిలిపోయిన పూస: ఒక నడుం నొప్పి కేసు

ఈ కేసులో మొదటి ఎమ్మారై రిపోర్టు రాసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చదువుతూ చదువుతూ ఎక్కడో ఒకచోట "ఆ రిపోర్టు ఇచ్చిన మహానుభావుడెవరో" అని మీకు అనిపించక మానదు.

నేను రేడియాలజిస్టుని. విశాఖపట్నంలో ఒక స్కానింగ్ సెంటర్లో పనిచేస్తాను. రోగి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను గానీ జబ్బు, స్కానింగుల వరస, నా తప్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆయనకి 47 ఏళ్ళు. ఫిషింగ్ హార్బరులో మరపడవ మీద సరంగు. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో మంటలు రేగి దాదాపు 40 పడవలు దెబ్బతిన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన నడిపే పడవా అందులో పోయింది. ఆ తరవాత పదిహేను రోజులు కాలిన ఇంజను ముక్కలు విప్పడం, ఇనుము మోయడం. సంక్రాంతి వచ్చేసరికి నొప్పి మొదలైంది.

"ఇనుము మోసినాను బాబూ, నడుం పోయింది" అని అడగకుండానే కారణం చెప్పేవారు ఆయన. ఇంత చక్కటి కారణం చేతికి దొరికితే ఎవరు వదులుతారు? మందుల షాపులో వదల్లేదు, మొదట చూసిన డాక్టరు వదల్లేదు, నేనూ వదల్లేదు.

మూడు రిపోర్టులు

ఫిబ్రవరిలో నడుం ఎక్స్‌రే తీయించారు. "కండరాల బిగువు వల్ల నడుం వంపు తగ్గింది. ఎముకల్లో తేడా లేదు" అని రిపోర్టు. అది నిజమే. కాకపోతే ఎక్స్‌రే మీద ఎముక కరిగినట్టు కంటికి కనపడాలంటే అందులోని ఖనిజం ఇంచుమించు మూడో వంతు పోయి ఉండాలి. వెన్నుపూస లోపల, మూలుగలో, జబ్బు నెలల తరబడి తిరుగుతున్నా పైకి పూస నిక్షేపంలా కనిపిస్తుంది. విరిగిన ఎముకకి ఎక్స్‌రే అంత చవకైన, త్వరగా తేల్చే పరీక్ష ఇంకోటి లేదు. మూలుగలో జబ్బుకి మాత్రం అది ఆలస్యంగా పలుకుతుంది.

మార్చిలో కొత్త బాధ. పొట్ట చుట్టూ పట్టీ వేసి బిగించినట్టు, బొడ్డు దగ్గర లాగుతున్నట్టు. గ్యాసన్నారు. మన దగ్గర గ్యాసు మాత్ర మింగకుండా ఏ జబ్బూ పెద్దాసుపత్రి గడప తొక్కదు కదా. రెండు వారాలు మాత్రలు వాడాక పొట్టకి అల్ట్రాసౌండ్ తీశారు. "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1. మిగతావి మామూలు." ఇదీ నిజమే. పిత్తాశయంలో రాయి ఉందో లేదో చెప్పమంటే అల్ట్రాసౌండ్‌కి మించింది లేదు. కానీ శబ్ద తరంగం ఎముక తగలగానే వెనక్కి తిరిగొచ్చేస్తుంది. పొట్ట మీద ప్రోబు పెట్టి వెన్నుపూస లోపల ఏముందో చూడటం కుదరదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మా సెంటరుకి వచ్చారు. చీటీ మీద మూడక్షరాలే ఉన్నాయి: ఎల్‌బీఏ. లో బ్యాక్ ఏక్ అని అర్థం. దాని కింద "ఎమ్మారై ఎల్‌ఎస్ స్పైన్", అంటే నడుం వెన్నుకి ఎమ్మారై. వయసు, మగ. ఇంకేమీ లేదు. పొట్ట చుట్టూ బిగింపు సంగతి లేదు, అల్ట్రాసౌండ్ ఊసు లేదు, నొప్పి పగలా రాత్రా అన్నది లేదు.

ఆ రోజు నా ముందు ఇరవైకి పైగా స్టడీలు ఉన్నాయి. ఈయన బొమ్మలు తెరవగానే ఎల్-4, ఎల్-5 (నడుం నాలుగో, ఐదో) పూసల మధ్య మెత్తటి డిస్కు కాస్త వెనక్కి ఉబ్బి కనిపించింది. దాని కింది డిస్కులో నీరు తగ్గి నల్లబడింది. నడుం నొప్పన్నారు, డిస్కు ఉబ్బు ఉంది, లెక్క సరిపోయింది. రిపోర్టు రాసి తరవాతి స్టడీకి వెళ్ళిపోయాను. అందులోనూ అబద్ధం ఒక్క ముక్క లేదు.

డిస్కు ఉబ్బు గురించి రోగులకి ఒక మాట చెప్పాలి. ఏ నొప్పీ లేని మనుషులకి స్కానింగ్ తీసి చూసిన 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అందులో మూడు వేల మందికి పైగా ఉన్నారు. ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది. నలభై ఏళ్ళ వాళ్ళలో సగం మందికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి. వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు! అంటే జగదాంబ సెంటర్లో నిలబడి నలభై దాటిన పదిమందిని పట్టుకొచ్చి మెషిన్లో పెడితే ఐదుగురికి ఈ రిపోర్టే వస్తుంది. జుట్టు నెరవడం లాంటిది. అది ఉందని చెప్పడం నా పనే. నొప్పి దానివల్లనే అని తేల్చడానికి బొమ్మ ఒక్కటీ చాలదు. నా రిపోర్టు చదివినవాళ్ళందరూ తేల్చేశారు, నేనూ వాళ్ళని ఆపేలా ఏమీ రాయలేదు.

ఆయన చేతికి నడుం బెల్టు, నొప్పి మాత్రలు, పూసుకునే జెల్ వచ్చాయి.

వేట ఆగింది, నొప్పి ఆగలేదు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలు కదలవు. వెనక్కి తిరిగి చూస్తే ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ చదవలేదు. మోత లేదు, వల లాగుడు లేదు, పడవ ఊపు లేదు. బెణికిన నడుమైనా, డిస్కు నొప్పైనా అంత విశ్రాంతిలో మామూలుగా ఎంతో కొంత తగ్గాలి. ఈయనకి పెరిగింది. అదీ పగటికన్నా రాత్రి ఎక్కువ. తెల్లవారుజామున మూడింటికి లేచి అరుగు మీద కూర్చునేవారట.

సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. ఆకలి పోయింది. బెల్టు వదులైపోతే ఇంకో సైజు చిన్నది కొనుక్కున్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఎలాగో ఉంటుంది. 68 కిలోల మనిషి 59కి దిగిపోయాడని మాలో ఎవరికీ తెలీలేదు గానీ, బెల్టుకి తెలిసింది.

మే ఆఖరి వారంలో ఒకరోజు కౌంటరు దగ్గర గట్టిగా మాటలు వినిపించి బయటికి వచ్చాను. మామూలుగా మేం గదిలోంచి రాం. రోగిని చూడకుండా రోగి లోపలంతా చూసే ఉద్యోగం మాది. ఆయన భార్య పాత ఫిల్ముల కవరు కౌంటరు మీద పెట్టి నిలదీస్తోంది.

"ఏలకి ఏలు కట్టినాం. మిషన్లో ఎట్టినారు, బొమ్మ తీసినారు. నొప్పెందుకు తగ్గనేదు?"

మెషిన్ నొప్పి తగ్గించదని మా కౌంటరు అబ్బాయి ఓపిగ్గా చెప్తున్నాడు. ఆమె వినే స్థితిలో లేదు. నన్ను చూసి ఈసారి మెల్లగా అంది: "బాబూ, ఈయనకి కాల్లోంచి సెప్పు జారిపోయినా తెలడం నేదు. నాను వెనకాల ఏరుకుంటూ వస్తన్నాను."

నేను ఆగిపోయాను. చెప్పు జారడం మన దేశంలో వైద్యం చదివిన ప్రతివాడికీ నూరిపోసే మాట. బూట్లు వేసుకునే దేశాల పుస్తకాల్లో ఇది ఉండదు. చెప్పు జారిపోయినా తెలీకపోతే కాలి నుంచి మెదడుకి వెళ్ళే దారిలో, వెన్నుపాములో, ఎక్కడో నొక్కుడు పడుతోందని అనుమానించాలి.

ఆయన్ని గదిలోకి పిలిచి నాలుగడుగులు నడవమన్నాను. కాళ్ళు వదులుగా లేవు, కర్రల్లా బిగిసి ఉన్నాయి. మోకాలి చిప్ప కింద కొట్టి చూద్దామంటే మా సెంటర్లో సుత్తి లేదు. అరచేతి అంచుతోనే తట్టాను. కాలు ఎగిరిపడింది. అరికాలు గీస్తే, కిందికి వంగాల్సిన బొటనవేలు పైకి లేచింది.

ఇక్కడ శరీర నిర్మాణం కొంచెం చెప్పుకోవాలి. వెన్నుపాము నడుం కింది దాకా ఉండదు. పెద్దవాళ్ళలో మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కణ్ణుంచి కిందికి గుర్రపు తోకలా నరాల పోగులు మాత్రమే దిగుతాయి. ఎల్-4, ఎల్-5 దగ్గర డిస్కు నొక్కితే నొక్కేది ఆ పోగుల్నే. అప్పుడు కాలు మెత్తబడుతుంది, మోకాలి ఎగురుడు తగ్గొచ్చు గానీ పెరగదు. బిగుసుకుని ఎగిరే కాలికి కారణం అంతకన్నా పైన ఉండాలి. అంటే నేను రాసిన డిస్కుకి ఈ కాళ్ళతో సంబంధమే లేదు.

"నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి" అన్నాను. ఆయన చెయ్యి వీపు వెనక్కి తిప్పి, అందక, భార్యని చూపించమన్నారు. ఆమె వేలు పెట్టిన చోటు నడుం కాదు. భుజం పలక కొస కంటే నాలుగు వేళ్ళ కింద, నడివీపు. అక్కడ వేలితో తట్టగానే ఆయన అబ్బా అన్నారు. మన భాషలో నడుం అంటే మెడ కింద నుంచి పిరుదుల పైదాకా ఎక్కడైనా కావచ్చు. ఆయన నడుం అన్నారు, డాక్టరు ఎల్‌బీఏ అని రాశారు, నేను ఎల్‌ఎస్ స్పైన్ చూశాను. మూడు చేతులు మారేసరికి నొప్పి ఒక జానెడు కిందికి దిగిపోయింది.

పొట్ట చుట్టూ బిగింపుకీ అప్పుడే అర్థం దొరికింది. వీపు నుంచి పదో నరం బయలుదేరి పక్కటెముక వెంబడి ముందుకొచ్చి బొడ్డు దగ్గరి చర్మానికి స్పర్శనిస్తుంది. వెనక ఆ ప్రాంతంలో నరం నలిగితే ముందు బొడ్డు చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది. అది గ్యాసు కాదు.

పాత బొమ్మ మళ్ళీ తెరిచాను

రెండో స్కానింగ్ మొదలయ్యేలోపు నా పాత స్టడీ తెరిచాను. నడుం ఎమ్మారైలో బొమ్మ ఎత్తు దాదాపు ఒక అడుగు ఉంటుంది. పైన పదో, పదకొండో వీపు పూస దగ్గర మొదలై కింద త్రికం (తోక ఎముకకి పైనుండే ఎముక) దాకా వస్తుంది. బొమ్మ పై అంచున, సగం తెగి, డీ-10, అంటే పదో వీపు పూస ఉంది. మిగతా పూసలన్నీ బూడిద రంగులో ఉంటే అది నల్లగా ఉంది.

ఏప్రిల్‌లో కూడా అది నా కళ్ళ ముందే ఉంది. చూళ్ళేదని అనలేను. సిగ్నల్‌ని పట్టుకునే కాయిల్ రోగి వీపు కింద ఉంటుంది. దాని అంచు దాటేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. ఆ నలుపు కూడా అలాంటిదేనని లోపల ఎక్కడో అనుకుని కిందికి దిగిపోయి ఉంటాను. డిస్కు దొరికాక కన్ను వెతకడం మానేస్తుంది. మా రంగంలో ఇది పాత జబ్బే, దీని మీద పాఠాలున్నాయి, నేనే జూనియర్లకి చెప్తుంటాను. ఫిబ్రవరి ఎక్స్‌రే ఫిల్ము కూడా తెప్పించి చూశాను. అందులో పదో పూస అసలు పడనే లేదు.

చీటీ సరిగ్గా రాయలేదని ఆ డాక్టరు మీద నెట్టెయ్యడం తేలిక. చీటీ బాగుంటే బహుశా దొరికేదే. కానీ చీటీ లేకపోయినా ఆ నల్ల పూస అక్కడే ఉంది.

రెండో ఎమ్మారై

ఈసారి మెడ నుంచి తోక ఎముక దాకా వెన్నంతా తీశాం. వెన్నంతా ఒకసారి పైపైన చూడటానికి అదనంగా పట్టేది ఐదారు నిమిషాలే. మా సెంటర్లో ఇప్పుడు ప్రతి వెన్ను ఎమ్మారైలోనూ ఇది తీస్తున్నాం, చీటీలో అడిగినా అడక్కపోయినా.

తుపాను గాలుల్లో పడవ తిప్పుకొచ్చిన మనిషి ఆ గొట్టంలోకి వెళ్ళేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని భార్య చెయ్యి వదల్లేదు. ఆమె మంగళసూత్రం, గాజులు, సెల్‌ఫోను తీసి బయట పెట్టించి లోపలే స్టూలు వేశాం. 1.5 టెస్లా అయస్కాంతం అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు ముప్ఫై వేల రెట్లు. ఇనుమున్న వస్తువుతో ఆ గదిలో ఆటలు కుదరవు. "ఇన్నిసార్లు తీస్తే కరెంటు ఒంట్లోకెల్లిపోదా?" అని ఆమె అడిగింది. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలే ఉండవు. అవి ఉండేది ఎక్స్‌రేలో, సీటీలో. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే పడేది, మూడు నాలుగు రోజుల్లో మట్టి నుంచి, ఆకాశం నుంచి మనందరి మీదా ఎలాగూ పడే రేడియేషన్ అంత. నడుం ఎక్స్‌రే, సీటీ అంతకన్నా చాలా ఎక్కువ. అవసరం లేకుండా తీయకూడదు, అవసరమైతే భయపడకూడదు.

బొమ్మలు రాగానే మా టెక్నీషియన్ అద్దం అవతలి నుంచి "సార్, పైన చూడండి" అన్నాడు. నేను అప్పటికే చూస్తున్నాను.

డీ-9 కింది సగం, డీ-10 పూర్తిగా, టీ1 బొమ్మలో నల్లగా ఉన్నాయి. పెద్దవాళ్ళ మూలుగలో కొవ్వుంటుంది, టీ1లో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది. జబ్బు ఆ కొవ్వుని తోసేసి కూర్చుంటే అక్కడ నల్లబడుతుంది. కొవ్వుని అణిచేసి నీటిని మాత్రమే చూపించే స్టిర్ బొమ్మలో అవే పూసలు దీపాల్లా వెలుగుతున్నాయి. డీ-10 ముందు భాగం కాస్త కుంగింది. రెండు పూసల మధ్య డిస్కు సన్నబడింది గానీ పూర్తిగా పోలేదు. పూసలకి రెండు పక్కలా, వాటిని ముందు నుంచి కలిపే కట్టు (లిగమెంటు) కింద చీము జారి నాలుగు పూసల పొడవున నిలిచింది. కొంత వెనక్కి వచ్చి వెన్నుపాముని నొక్కుతోంది. నొక్కిన చోట వెన్నుపాము రంగు కొంచెం మారింది. కిడ్నీలు బాగున్నాయో లేదో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూసుకుని గ్యాడోలినియం మందు ఎక్కించి తీస్తే, చీముగడ్డ గోడ సన్నగా, నున్నగా, గీత గీసినట్టు వెలిగింది.

ఎల్-4, ఎల్-5 డిస్కు ఏప్రిల్‌లో ఎలా ఉందో అలాగే ఉంది.

ఏమిటిది?

వెన్నులో క్షయ అని నా మొదటి అభిప్రాయం. అయితే బొమ్మ చూసి క్షయ అనడం వేరు, క్షయ అని తేలడం వేరు. 47 ఏళ్ళు, బరువు తగ్గాడు, పూస కుంగింది అంటే క్యాన్సర్ పాకిందేమో చూడాలి. మైలోమా (మూలుగలో పుట్టే క్యాన్సర్) చూడాలి. మామూలు చీము పట్టించే సూక్ష్మజీవులు చూడాలి.

క్యాన్సర్ సాధారణంగా ఒక పూసలోనో, విడివిడిగా కొన్ని పూసల్లోనో పడుతుంది, డిస్కుని ముట్టుకోదు, పూస వెనక కాడల్లోకి పాకుతుంది. క్షయ అలా కాదు. పక్కపక్క రెండు పూసల ఎదురెదురు సగాలకి ఒకే ధమని కొమ్మలు రక్తం ఇస్తాయి. క్రిమి రక్తంలో కొట్టుకొచ్చి అక్కడ దిగితే డిస్కుకి పైనా కిందా ఒకేసారి పట్టుకుంటుంది. మామూలు చీము జబ్బులో డిస్కు వారాల్లోనే కరిగిపోతుంది, మనిషికి జ్వరం మండిపోతుంది. క్షయ క్రిమికి డిస్కుని అలా కరిగించే ఎంజైములు లేవు. అందుకే డిస్కు చాలాకాలం నిలబడుతుంది. చీము మాత్రం బోలెడు పోగవుతుంది, ముట్టుకుంటే వేడి ఉండదు, పెద్ద గొడవ చెయ్యదు. దాన్ని చల్లని గడ్డ అనేది అందుకే. సన్నటి నున్నటి గోడ కూడా క్షయ వైపే చూపిస్తుంది.

ఈ జబ్బుకి పాట్స్ స్పైన్ అని ఇంకో పేరు. 1779లో పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు సర్జన్ వెన్ను గూని, కాళ్ళు పడిపోవడం కలిపి వర్ణించారు. ఎముకల్లో వచ్చే క్షయలో దాదాపు సగం వెన్నులోనే వస్తుంది, అందులోనూ వీపు కింది భాగం, నడుం పై భాగం దానికి ఇష్టమైన చోట్లు. నడుం ఎమ్మారై బొమ్మ పై అంచు సరిగ్గా ఆ చుట్టుపక్కలే పడుతుంది.

రక్త పరీక్షల్లో, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్ 92. హెచ్‌ఐవీ లేదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వెన్ను క్షయలో ఊపిరితిత్తులు బాగానే ఉండటం మామూలే, దగ్గు లేదు కాబట్టి టీబీ కాదనుకోకూడదు. ఇంకొకటి బయటపడింది: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 8.4. ఆయనకి షుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. షుగరున్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ.

మర్నాడు సీటీ మీద చూసుకుంటూ సూదితో చీము తీశాం. ఆయన బోర్లా పడుకున్నారు. చర్మం మొద్దుబారాక పక్కటెముక పక్క నుంచి సూది మెల్లగా జరుపుతూ, రెండు మూడుసార్లు బొమ్మ తీసి కొస ఎక్కడుందో చూసుకుంటూ వెళ్ళాలి. ఇక్కడ ఎమ్మారై కన్నా సీటీయే నయం. క్షణాల్లో బొమ్మ ఇస్తుంది, సూదినీ ఎముకనీ స్పష్టంగా చూపిస్తుంది. గడ్డలో చిన్న సున్నపు రవ్వలు కూడా సీటీలోనే కనిపించాయి, అవి కనిపిస్తే క్షయ మీద అనుమానం ఇంకా బలపడుతుంది. ఆరు మిల్లీలీటర్ల పసుపు చీము వచ్చింది. కొంత సీబీనాట్ (క్షయ క్రిమి జన్యువుని వెతికే) పరీక్షకి, కొంత కల్చరుకి, ఎముక ముక్క బయాప్సీకి పంపాం.

సీబీనాట్ మెషిన్లో పెట్టాక రెండు గంటల్లోపే తేలుతుంది. క్షయ క్రిమి ఉంది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగేదే. కల్చరు ఆరు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి దానికోసం ఆగలేదు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఏప్రిల్ బొమ్మ తెర మీద పెట్టి చూపించాను. "ఇది అప్పుడే ఉంది. నేను పట్టుకోలేదు" అన్నాను. ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లోనే కాళ్ళు బిగుసుకున్నాయి. ఆమె చాలాసేపు ఆ నల్ల పూసనే చూసింది. ఆయన మాత్రం "ఇప్పుడు దొరికింది గదా బాబూ, మందుందా నేదా సెప్పండి" అన్నారు.

మందు, ఆపరేషను, గిన్నె

మందుంది. అది డబ్బులు పెట్టి కొనక్కర్లేదు కూడా. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో పేరు నమోదు చేశాం. 2012 నుంచి టీబీ కేసు దొరికితే ప్రైవేటు వాళ్ళు కూడా ప్రభుత్వానికి చెప్పి తీరాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ పైన పది నెలలు మూడు మందులు. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు చాలు, వెన్నుకి ఏడాది వాడతాం. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ కింద మొదట్లో నెలకి 500 రూపాయలు పడేవి, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. గుడ్లకీ పాలకీ సరిపోతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు.

ఆపరేషను విషయంలో నాకన్నా వెన్ను సర్జన్ మాటే చెల్లుతుంది. కాళ్ళ బలం ఐదుకి నాలుగు ఉంది. మూత్రం మీద పట్టు పోలేదు. మన దేశపు ఎముకల వైద్యుడు ఎస్.ఎం. తులి 1975లో తన అనుభవం ప్రచురిస్తూ దీనికి మధ్యేమార్గం చూపించారు. వెన్ను టీబీ కనపడగానే అందరినీ కోయక్కర్లేదు, మందులిచ్చి దగ్గరుండి చూస్తూ, మూడు నాలుగు వారాల్లో కోలుకోకపోయినా, నరాల బలం పడిపోతున్నా అప్పుడు కోయాలి అని. సర్జన్ అదే దారి పట్టారు. బెల్టు మార్చి వీపంతా పట్టే బ్రేసు వేశారు. మూడో వారానికి కాళ్ళ బిగువు సడలడం మొదలైంది. కత్తి పెట్టాల్సిన పని పడలేదు.

ఆమె అడిగిన ప్రశ్న ఇంకోటి ఉంది. గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగింది: "గిన్నె ఏరే ఎట్టాలా?" అక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో జబ్బు లేనప్పుడు, ఎముకలో ఉన్న క్రిమి గాలిలోకి రాదు. కలిసి తినొచ్చు, ఒకే గదిలో పడుకోవచ్చు. అయినా ఆ క్రిమి ఎవరి దగ్గర్నుంచో వచ్చిందే కాబట్టి ఇంట్లో వాళ్ళందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీయించాం. ఎవరికీ ఏమీ లేదు.

రెండో నెలలో చిన్న భయం. పొట్ట చుట్టూ బిగింపు మళ్ళీ వచ్చిందని ఎమ్మారై తీస్తే చీముగడ్డ ఒక పక్క కొంచెం పెద్దదైంది. ఇంట్లో టెన్షన్. కానీ మనిషి మూడు కిలోలు పెరిగాడు, రాత్రి నిద్రపోతున్నాడు, ఈఎస్‌ఆర్ 40కి దిగింది. మందులు పనిచేస్తున్నా మొదటి నెలల్లో బొమ్మ చెడ్డగా కనిపించడం ఈ జబ్బులో ఉన్నదే. చచ్చిన క్రిముల మీద శరీరం చేసే యుద్ధం అది. మందు మార్చలేదు. ఏప్రిల్‌లో బొమ్మ చూసి మనిషిని వదిలేశాను, ఈసారి మనిషిని చూసి బొమ్మని పక్కన పెట్టాను.

డిసెంబరు ఎమ్మారైలో చీము బాగా తగ్గింది. నల్ల పూసలో అక్కడక్కడ తెల్లటి మచ్చలు. మూలుగలోకి కొవ్వు తిరిగొస్తోంది, మానుతున్న ఎముకకి గుర్తు అదే. 2025 జూన్ మొదటి వారంలో ఏడాది కోర్సు పూర్తయింది. ఆఖరి బొమ్మలో చీము లేదు, వెన్నుపాము చుట్టూ చోటు వచ్చింది. డీ-10 ముందు భాగం కుంగిన మేర మాత్రం అలాగే ఉండిపోయింది. వీపు మీద చెయ్యి పెడితే చిన్న గుబ్బ తగులుతుంది.

ఈలోపు మా చీటీ మార్చాం. మనిషి ముందు వైపు, వెనక వైపు రెండు బొమ్మలు అచ్చు వేయించి, నొప్పెక్కడో రోగితోనే పెన్నుతో సున్నా చుట్టిస్తున్నాం. పక్కన మూడు గళ్ళు: రాత్రి నొప్పి ఎక్కువా, బరువు తగ్గారా, జ్వరం వస్తోందా. మొదటి రోజే ఒక పెద్దాయన ఎడమ మోకాలి నొప్పికి కుడి మోకాలు చుట్టేశారు. ఇప్పుడు కౌంటరు అబ్బాయి చీటీ తీసుకుని, "ఏదీ, వేలు పెట్టి చూపించండి" అని మళ్ళీ అడుగుతున్నాడు. రోజుకి రెండు స్టడీలు తగ్గాయని యాజమాన్యం కొంచెం గుర్రుగా ఉంది.

ఆ ఏడాది వేట నిషేధం జూన్ 14తో ముగిసింది. ఆ అర్ధరాత్రి దాటాక పడవలన్నీ బయల్దేరాయి. ఆయన వెళ్ళలేదు, సర్జన్ ఇంకో ఆరు నెలలు ఆగమన్నారు. ఒడ్డున వల బాగుచేసే పనిలో కుదురుకున్నారు. చేపలు కొనడానికి వెళ్ళినప్పుడు కనిపిస్తే పలకరించాను. నడక దాదాపు మామూలుగానే ఉంది. ఎడమ పాదంలో స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదట. కాళ్ళకి మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులున్నాయి.

"ఇయ్యైతే జారవు బాబూ. మాయావిడ కొన్నాది."